పిన్ను కింద క్లిప్పు

మొన్న ఎమ్మిగనూరుకు పోతూ టీ కొట్టు దగ్గర ట్రాక్టరు ఆపితే, పక్కనే కూలీ ఆడవాళ్లతో నిండిన ట్రాలీ ఒకటి కనబడింది. ఇంజనునూ ట్రాలీనీ కలిపే పిన్ను ఎగిరి రాకుండా కింద పెట్టాల్సిన క్లిప్పుకు బదులు కట్టుతీగ చుట్టి ఉంది. చెబితే ఆ డ్రైవరు, "ఏం గాదులే అన్నా, ఈ తీగె రైలునైనా లాగుతాది" అని నవ్వినాడు. నా దగ్గరున్న అదనపు క్లిప్పు తెచ్చిచ్చి, అతను తొడిగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు గానీ, కోప్పడడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు.

కొత్తగా పెళ్లయిన రోజుల్లో, హొళగుంద దగ్గరి అత్తగారి ఊరినుంచి పత్తిని ఆదోని యార్డుకు తోలే పని నేనే మీదేసుకున్నాను, కొత్తల్లుడి పనితనం నలుగురూ చూడాలి కదా. బయలుదేరేముందు క్లిప్పు కనబడలేదు. వెతకడానికి బద్ధకించి తీగ చుట్టేశాను, పిన్ను ఊడినా ట్రాలీని పట్టి ఉంచే గొలుసు సంగతే తలవలేదు. "క్లిప్పు పెట్టినావా అప్పా?" అని మామ అడిగితే, "ఏనుగును కట్టి లాగినా ఊడదు మామా" అన్నాను. ఆ మాట నమ్మి నా భార్యా, అత్తా పత్తి కుప్ప మీదికెక్కి కూర్చున్నారు.

నేను మడ్‌గార్డు మీదున్న మామకు, కాలువలో పడిన లారీని ఒంటిచేత్తో ట్రాక్టరు తోలి బయటికి లాగిన కథ చెబుతున్నాను. ఆ కాలువలో లారీ ఏనాడూ పడలేదు. ఒక గుంత దాటి మెరక ఎక్కుతుంటే బండి ఉన్నట్టుండి తేలికైంది. "చూసినావా మామా, నా చేతిలో ఎట్లా పోతాందో!" అన్నాను. మామ వెనక్కి చూసి, నా భుజం పట్టుకున్నాడు.

వెనక ట్రాలీ లేదు.

దిగి పరుగెత్తితే, గుంత దగ్గర ముక్కు నేలకు గుచ్చుకుని కూలబడి ఉంది, పత్తంతా రోడ్డు మీదికి జారి ఉంది, మనుషులు కనబడలేదు. చేతులతో పత్తి తోడినాను. ముందు నా భార్య చెయ్యి దొరికింది, పైకి లాగగానే ఆమె అడిగింది "అమ్మ యాడ?" అని. అత్తనూ తీశాక, ఆమె నోట్లోని దూది ఊసి, "ఏనుగు యాడికి పాయె అల్లుడప్పా?" అనింది. చుట్టూ చేరినవాళ్లు పగలబడి నవ్వినారు. ఆ నవ్వులు నేను దులిపేసుకునేవాణ్ణే.

దులుపుకోలేనిది ఇంకొకటి. ఆ తర్వాత నా భార్య ట్రాలీ ఎక్కాల్సిన ప్రతిసారీ, ఎవరున్నా సరే, ముందు తానే వంగి క్లిప్పు లాగి చూసి, గొలుసు తడిమి, అప్పుడే కాలు పైకి పెట్టేది. నేను "పెట్టినానే" అన్నా వినేది కాదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు నాకు.

ఇప్పుడు మట్టిరోడ్లు తారురోడ్లయినాయి, ట్రాలీలు పెద్దవైనాయి. ఆమె కూడా ఈ మధ్య వంగి చూడడం మానేసి నేరుగా ఎక్కి కూర్చుంటోంది. నా మాట మీద నమ్మకం కుదిరిందో, నడుము నొప్పికి వంగలేకపోతోందో, అడిగే ధైర్యం నాకు లేదు.