సగం దారి దాకా

జాంబియాలో నేను పాఠాలు చెప్పే పల్లెలో, తోటి మాస్టారు మోజెస్ ఇంటికి భోజనానికి వెళ్ళాను. తిరిగొస్తుంటే అతను సగం దారి దాకా తోడొచ్చాడు. అక్కడి మర్యాద అదని తెలియక, అతను ఒంటరిగా వెళ్ళాల్సి వస్తుందేమోనని నేను అతన్ని వెనక్కి ఇంటిదాకా దిగబెట్టాను. అతను మళ్ళీ నాతో బయల్దేరాడు.

"మా ఉంగుటూరులో అయితే గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ రండి అంటాం," అన్నాను నవ్వుతూ.

"గుమ్మం దాకానేనా? వచ్చినవాళ్ళు తొందరగా వెళ్ళిపోవాలనా?" అన్నాడు మోజెస్. అతను నవ్వలేదు.

భోజనాల దగ్గర గోదావరి మర్యాదల గురించి గొప్పలు చెప్పిన నేను, ఈసారి సగం దారిలో అతనికి సెలవు చెప్పి వచ్చేశాను.

ఈ వేసవి సెలవులకు ఊరొచ్చాను. నన్ను చూడ్డానికి వచ్చిన పక్కవీధి సుబ్బలక్ష్మి గారు వెళ్తుంటే, కాలువ వంతెన దాకా తోడు నడిచాను. ఆవిడ ఆగి, నా వైపు అనుమానంగా చూశారు.

"ఏం బాబూ, నాతో ఏమన్నా పనుందా? ఇంట్లో అడగలేకపోయావా?"