ముసురులో దొరసాని యాత్ర

మొన్న అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే మా ముందు పోతున్న బస్సు నుంచి మాడిన క్లచ్చు వాసన కొట్టింది. ముసురు పట్టి ఉంది. కారులో అందరూ ముక్కులు మూసుకుంటే నేను అద్దం దించి మరీ పీల్చాను. "నీకేమన్న పిచ్చి లేసిందా తాతా?" అన్నాడు మనవడు. పిచ్చే అనుకోండి. ఆ వాసన వస్తే నాకు అనసూయమ్మ దొరసాని గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. తాండూరులో నాపబండల గని ఉన్న పెద్దింటికి చిన్న కోడలు. నేను వికారాబాదు మిషన్ బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, ఆ ఇంట్లో జీపు డ్రైవరుగా కుదిరినవాణ్ణి.

నిజాం పోయాడు, ఓట్లొచ్చాయి, కానీ ఆ ఇంటి గడప లోపల మాత్రం ఏదీ మారలేదు. భర్త పోయాక గనిలో సగం ఆమెదే. అయితే గని ఊరికి దూరం. బండ్లన్నీ ఆమె బావగారి చేతిలో ఉండేవి. ఆయన్ని మేం పెద్దదొర అనేవాళ్ళం. తన మాట లేకుండా ఆమెను గని దారి పట్టిస్తే కాళ్ళు విరగ్గొడతానని బండి తోలే ప్రతివాడికీ చెప్పి ఉంచాడు. నడిచిపోదామంటే ఇంటి పరువు అడ్డం. అలా ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి, కంటితో చూడని గనిని ఆడది ఎలా నడుపుతుంది, దీపావళిలోగా నీ సగం నా పేర రాసియ్యమని ఆయనే పట్టుబట్టాడు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

శ్రావణం రాగానే ఆమె తలుపు చాటు నుంచి కబురు వినిపించింది. "నేను నేపాలం పోత. పశుపతినాథుని చూసొస్త." భర్త పోయిన మనిషి యాత్రకు పోతానంటే ఆ ఇళ్ళల్లో కాదనేవాళ్ళు లేరు. కాదంటే ఆ పాపం తమకు చుట్టుకుంటుందని భయం. పెద్దదొర మీసం దువ్వుకుంటూ, "శివరాత్రికి పోరాదు? మనోళ్ళు మస్తుమంది పోతరు. గీ వానల ఎవరన్న కొండలెక్కుతరా?" అన్నాడు. "ఎవరు ఎక్కరనే పోతున్న బావా," అందామె. ఎంత భక్తి అనుకున్నాడాయన. నేనూ అలాగే అనుకున్నాను. తోడుగా చెవులు సరిగ్గా వినపడని పెద్దదొర మేనత్తను వెనక సీట్లో కూర్చోబెట్టి, టెంకాయ కొట్టి మమ్మల్ని సాగనంపారు.

రక్సౌల్ దగ్గర దేశం దాటి, నేపాలం కొండ దారి మొదట్లోకి వచ్చాం. అక్కడ దొరసాని జీపు ఆపమంది. వాన ధారగా కురుస్తోంది. దిగి, చుట్టూ తిరిగి, నా వైపు వచ్చి నిలబడింది.

"ప్రకాశం, అటు జరుగు. నాకు బండి నేర్పు."

"దొరసానమ్మా, పెద్దదొరకు తెలిస్తే నన్ను బతకనిస్తడా?"

"ఎట్ల తెలుస్తది? గీ వానల మనూరోళ్ళు ఎవరొస్తరు గీడికి? అందుకే గద వచ్చింది!"

అప్పుడర్థమైంది నాకు, ఈ యాత్ర ఎవరి కోసమో. నవ్వొచ్చింది, భయమూ వేసింది. పక్కకు జరిగాను.

అది రోడ్డు కాదు, కొండకు చుట్టిన తాడు. ఒక పక్క నీళ్ళు కారుతున్న రాయి, ఇంకో పక్క మబ్బు. లోయ ఎంత లోతుందో కనపడకపోవడమే మా అదృష్టం. ఒక మలుపులో ఇంజను ఆగి జీపు వెనక్కి జారింది. "బ్రేకు తొక్కుండ్రి!" అని అరిచి, కిందికి దూకి చక్రం వెనక రాయి పెట్టాను. క్లచ్చు మాడి పొగ వస్తోంది. మేనత్త లేచి, గుడి వచ్చిందా అనడిగింది. "ఇగ చాలు, దిగుండ్రి," అన్నాను. ఆమె స్టీరింగు వదల్లేదు. "దిగితే మల్ల ఎక్కనియ్యవు నువ్వు. రాయి తియ్యి," అంది.

ఎదురుగా వచ్చి ఆగిన లారీ డ్రైవరు కిందికి దిగి, ఆడమనిషికి బండి ఇచ్చి కూర్చున్నావా, సిగ్గులేదా అని హిందీలో నన్ను తిట్టిపోశాడు. ఆమె అద్దంలోంచి తల బయటపెట్టి, అంతకన్నా గట్టిగా ఉర్దూలో అంది: "మర్యాదగా మాట్లాడు. ఆయన నా ఉస్తాదు." ఆ ఇంట్లో నన్ను అరేయ్, ఒరేయ్ అని తప్ప పిలిచినవాళ్ళు లేరు. వానలో తడుస్తూ ఉండబట్టి నా కళ్ళల్లో నీళ్ళు ఎవరికీ కనపడలేదు.

పశుపతినాథుని దర్శనమూ అయింది. అబద్ధం ఆడినట్టు కాదా అని నేను నసిగితే, "చూసొస్త అన్న, చూసిన. గిండ్ల అబద్ధమేంది?" అని కొట్టిపారేసింది. తిరుగు దారిలో కొండల మీంచి జీపును ఆమే దించింది.

వికారాబాదు దాటాక, తాండూరు దగ్గరపడుతుంటే, ఇక నేను నడుపుతానన్నాను. విననట్టే ముందుకు పోనిచ్చింది. సంత రోజు. బజారంతా నోరు తెరిచి చూస్తుండగా జీపు దొరల ఇంటి ముందుకొచ్చి, ఆగకుండా గని దారి పట్టింది. అరుగు మీదున్న పెద్దదొర పరుగున వచ్చి రోడ్డుకు అడ్డం నిలబడ్డాడు. ఆమె హారను మీద చెయ్యి పెట్టి, మెల్లగా ఆయన మోకాళ్ళ దాకా తెచ్చి ఆపింది. ఆమె వైపు చూడ్డం కూడా పరువు తక్కువనుకున్నాడేమో, నా మీద విరుచుకుపడ్డాడు.

"అరేయ్, బండి బందుచేసి దిగురా!"

ఆయన కనపడితే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడడం మా నాన్న నాటి నుంచీ మాకు అలవాటు. దిగబోయాను కూడా. ఆమె నన్ను ఆపలేదు, దిగమనీ అనలేదు. ముందుకు చూస్తూ కూర్చుంది. ఏమైందో తెలియదు, నేను వెనక్కి ఆనుకున్నాను.

"బండి నేను నడుపుతలేను దొరా," అన్నాను.

ఆమె గేరు వేసింది. ఆయన పక్కకు తప్పుకున్నాడు. దీపావళి వచ్చింది, పోయింది. ఆమె సంతకం పెట్టలేదు. గనిని ఆమే నడిపింది, నేను ఆమె దగ్గరే పనిచేశాను. ఇవాళ ఆ గనీ లేదు, ఆ మనిషీ లేదు. నా దగ్గర మిగిలింది ఒక్కటే. దొర ముందు కూర్చుని మాట్లాడడం నా బతుకులో ఆ రోజే మొదలు. ఆ తర్వాత ఏ దొర ముందూ నేను లేచి నిలబడలేదు.