వేర్వేరు బస్సుల్లో దిగే చుట్టాలు

ఈ ఉదయం షెడ్డు తలుపు తీసేసరికి వేగుతున్న కాఫీ గింజల వాసన ఒక్కటే ఎదురొచ్చింది. తోటి ఆడవాళ్ళు అప్పటికే పొయ్యి వెలిగించారు. మంట చప్పుడు కాసేపటికి వినిపించింది. పెనం ఇంకాసేపటికి కనిపించింది. నాకు లోకం ఎప్పుడూ ఇలాగే విడివిడిగా అందుతుంది. దీన్ని ఆటిజమంటారని నేను పెద్దయ్యాక విశాఖలో ఒక డాక్టరు చెప్పారు. మిగతావాళ్ళకి చూపూ శబ్దమూ వాసనా కలిసి ఒకే సంగతిగా చేరతాయట. నాకేమో ఒకే ఇంటికి రావలసిన చుట్టాలు వేర్వేరు బస్సుల్లో దిగినట్టు ఉంటుంది. ఆ వాసన వెంటే, నాకు ఈ పని నేర్పిన బుద్రమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది.

నగరంలో రెండు ఉద్యోగాలు పోయాక అరకు కొండల్లోని ఈ షెడ్డుకి వచ్చాను. ఇక్కడా కుదరకపోతే ఇంటికెళ్ళి తలుపులు వేసుకుని కూర్చోవడం తప్ప దారి లేదు. గింజలు వేయించే పని పెద్దమ్మది. ఆమెది పెదబయలు వైపు ఒక కొండ ఊరు. మొదటి రోజు పని చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసింది.

"ఏటే గుంటా, నేను మాటాడతంటే నేలకేసి సూత్తన్నావు?"

"మీ పెదాలు చూస్తే మాట వినపడదు పెద్దమ్మా. చూపు ముందొచ్చి కూర్చుంటుంది. మాట వెనకబడిపోతుంది."

నవ్వుతుందనుకున్నాను. ఆమె తన పీట తెచ్చి నా పక్కన వేసుకుని, కొండకేసి తిరిగి కూర్చుని, ఆపిన చోటినుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ ఎదురుగా కూర్చుని నాతో మాట్లాడలేదు. మా ఇద్దరికీ పడదని మిగతావాళ్ళు చాన్నాళ్ళు అనుకున్నారు.

పని మాత్రం పట్టుబడలేదు. గింజ చిట్లే చప్పుడు, రంగు, పొగ, అన్నీ ఒకేసారి చూసుకుని పెనం దించాలి. నేను రంగులో పడిపోయేదాన్ని. గింజ మీద గోధుమరంగు ముదురుతుంటే ఎంత బాగుంటుందో. చప్పుడు నాదాకా వచ్చేసరికి అన్నీ మాడిపోయేవి. అలా మళ్ళీ మాడ్చిన రోజు యజమాని నెమ్మదిగానే అన్నారు, "ఇంకోసారి ఇలా అయితే కష్టమమ్మా, సీజను కదా" అని.

ఆ సాయంత్రం పెద్దమ్మకి నా చుట్టాల సంగతి చెప్పి ఏడ్చాను. ఆమె కొండకేసి చూస్తూ అంది:

"సుట్టాలందరూ ఒక్కపాలే దిగాలని ఏటుంది? ముందొచ్చినోలికి నీల్లియ్యి. ఎనకొచ్చినోలు ఎనకొత్తారు."

"ఎవరు ముందొస్తారో తెలియదు కదా."

"ఈ పనికి సెవి ముందు రావాల. రేపు సూపు మాను."

మర్నాడు తన తువ్వాలు నా కళ్ళకి కట్టింది. రేడియో ఆపించింది, అందరి కబుర్లూ ఆపించింది. గరిటె చేతిలో పెట్టింది. తువ్వాలు నిండా పొగ వాసన. ఆ చీకట్లో గింజలు గరగరమని దొర్లుతున్నాయి. చాలాసేపు అంతే. తర్వాత ఎక్కడో దూరంగా ఒక గింజ చిట్లింది, దాని వెనక ఇంకొకటి, ఆపైన అన్నీ చిటపటమన్నాయి. ఆ సందడి సద్దుమణుగుతుండగా "దించెయ్యండి" అన్నాను. పెద్దమ్మ పెనం దించి కట్టు విప్పింది. గింజలన్నీ ఒకే రంగులో మెరుస్తున్నాయి. నా ఉద్యోగం నిలబడింది.

కిందటి వానల్లో పెద్దమ్మ జ్వరంతో పోయింది. ఆమె ఇంటి ముందు డప్పులూ ఏడుపులూ పొగా ఒక్కసారి మీద పడితే ముఖం చూడలేకపోయాను. కళ్ళు మూసుకుని ఆమె చెయ్యి మాత్రం పట్టుకున్నాను. ఆ చల్లదనం ఒక్కటే నాకు చేరింది. మిగతా దుఃఖం నెలల తరబడి వస్తూనే ఉంది.

ఇవాళ ముందు వాసన వచ్చింది. తర్వాత "ఏటే గుంటా" అన్న గొంతు వచ్చింది. ముఖం ఇంకా రాలేదు. ఎదురుగా కూర్చుంటే కదా, ఆమె ముఖం నేను సరిగా చూసిందే తక్కువ. ఆమె పీట నా పక్కన వేసి, కొండకేసి తిరిగి కూర్చున్నాను. తొందరేం లేదు. ఎనకొచ్చినోలు ఎనకొత్తారు.