తాడు చివరి చోటు

ఇది రాయాలని చాలా ఏళ్లుగా ఉంది గానీ నాకు అక్షరాలు వచ్చేవి కావు. సౌదీలోని ఖతీఫ్‌లో పనిచేసినన్నాళ్లూ జీతానికి వేలిముద్రే వేశాను. ఉద్యోగం మాని రాయచోటికి వచ్చాక, అరవై దాటిన తర్వాత, మా వీధిలో ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రం బడిలో చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరినీ బతిమాలకుండా రాసుకోగలను.

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం నాటి సంగతి ఇది. ఖతీఫ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి లాండ్రీలో నేను మడత సెక్షన్ లీడర్‌ని. లాండ్రీ మొత్తానికి పైన ముష్రిఫా, అంటే సూపర్‌వైజర్. ఆమె కింద లీడర్లు, మా కింద మిషన్ల దగ్గరి ఆడవాళ్లు. వార్డుల నుంచి దించిన దుప్పట్లలో రక్తం అంటినవి వేరు చేసి ఉతుకుతారు. నీళ్లు పిండాక వేడి రోలర్లలో నడిపిస్తే అవి ఆరి, ఇస్త్రీ అయి అవతలికి వస్తాయి. వాటిని ఇద్దరిద్దరుగా చెరో కొసా పట్టి, ఒక్క లాగు లాగి మడత పెట్టడం నా సెక్షన్ పని.

ఏటా చలికాలంలో ఆడవాళ్ల క్వార్టర్ల ప్రహరీ లోపల తాడు లాగే పోటీ జరిగేది. నర్సులు, వంటవాళ్లు, క్లీనింగ్ వాళ్లు, మేము. యుద్ధానికి ముందు వరసగా రెండుసార్లు కప్పు లాండ్రీదే. రెండుసార్లూ తాడు చివర నిలబడింది నేనే. చివరి మనిషి తాడును చంక కింద నుంచి వీపు మీదుగా తీసి రెండో భుజం మీద వేసుకుంటుంది. ముందున్నవాళ్లు జారినా ఆమె కదలకూడదు. లాండ్రీలో నా మాట చెల్లడానికి సగం కారణం ఆ చోటే.

యుద్ధంలో చాలామంది సొంత దేశాలకు వెళ్లిపోయారు. సైరన్ మోగితే గ్యాస్ మాస్కు తగిలించుకుని, ఆగగానే మళ్లీ దుప్పట్ల దగ్గరికి వచ్చిన పాతవాళ్లం కొద్దిమందిమే మిగిలాం. తర్వాత కొత్త పిల్లలు దిగారు. వాళ్లలో ఉప్పాడ నుంచి వచ్చిన మరియమ్మ ఒకతె. సముద్రంలో వేసిన అలివి వలను ఒడ్డున నిలబడి లాగి పెరిగిన మనిషి. తడి దుప్పట్లను మిషన్‌లోంచి బయటికి లాగే పని ఆమెకిచ్చారు. లాగుతూ హైలెస్సా అని పాడేది. మేము ఇద్దరం పట్టే మూటను ఆమె ఒక్కతే లాగేది.

ముష్రిఫా సూడాన్ ఆవిడ. ఆ ఏడు జట్టులో సగం పాతవాళ్లను, సగం కొత్తవాళ్లను తీసుకుంది. ఒక పాత, ఒక కొత్త, మళ్లీ ఒక పాత అని తాడు వెంట నిలబెట్టింది. తర్వాత నా భుజం పట్టి ముందుకు నడిపించి, చివర బింత్ ఉంటుంది అంది. బింత్ అంటే అమ్మాయి. ఆమె చూపించింది మరియమ్మను.

లాండ్రీలోనే పనిచేసే మా ఊరి ఖాదర్‌బీ ఊరుకుంటుందా. "ఏం నాగమ్మక్కా, కుర్చీ పాయె గదా! ఇంక నర్సుల మొగాలు చూసుకుంటా నిలబడు."

"దాని దమ్ము ఎంతసేపులే. చూస్తావుండు," అన్నాను.

ఊరికే అన్న మాట కాదు. మరియమ్మ వచ్చినప్పటి నుంచి నా చెవి ఆమె మీదే. ఆమె అన్నం కలుపుకునే తీరు కూడా నాకు నచ్చేది కాదు. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని వినీ వినీ ఒకటి పట్టాను. ఊపిరి అందనప్పుడు పాటలో చివరి "స్సా" మింగేస్తుంది. మూడు నాలుగుసార్లు మింగిందంటే ఇక చేయి ఆపి మిషన్‌కు ఆనుకోవలసిందే. కాసేపటికి పాట మళ్లీ నిండుగా వస్తుంది. దీన్ని ముష్రిఫాకు ఎప్పుడు చెబుదామా అని చూస్తుండగానే పోటీ రోజు వచ్చింది.

ఫైనల్లో నర్సులు ఎదురయ్యారు. మూడింటిలో రెండు గెలిచినవాళ్లకు కప్పు. మొదటిసారి విజిల్ పడగానే మా కొత్త పిల్లలు కాళ్లు కూడా ఆనించకుండా గుంజారు. అందరం ముందుకు పడ్డాం. నర్సులు నవ్వారు. రెండోసారి మడమలు ఇసుకలో దింపించి, మరియమ్మ పాట మీదే లాగమన్నాను. గెలిచాం.

మూడోసారి తాడు ఎటూ కదలలేదు. పాట వెనక నుంచి వస్తూనే ఉంది. ఇంతలో "స్సా" వినపడలేదు. తర్వాతి దానిలోనూ లేదు. నాకు మొదట సంతోషమే కలిగింది. ఆ వెంటనే, కప్పు పోతుందని తోచింది.

"పట్టు!" అని అరిచాను. పట్టు అంటే లాగడం మానేసి బరువంతా వెనక్కి వేసి బిగబట్టడం. పాతవాళ్లకు అది అలవాటే. ఇద్దరు పాతవాళ్ల మధ్య ఉన్న కొత్త పిల్లకు వేరే దారి లేదు, బిగుసుకుంది. మా పని అయిపోయిందనుకుని నర్సులు ఉన్న బలమంతా పెట్టి లాగారు. వాళ్ల ముఖాలు ఎర్రబడటం నాకు ఎదురుగా కనిపిస్తోంది. వెనక పాట మళ్లీ "స్సా"తో వచ్చింది. "లాగు!" అన్నాను. నర్సులు దొర్లుకుంటూ మా గీత దాటారు.

అందరూ మరియమ్మనే ఎత్తుకున్నారు. కప్పు ఆమె చేతికే ఇచ్చారు. వచ్చే ఏడూ చివర ఈమే అని ముష్రిఫా అక్కడే తేల్చేసింది. నన్ను ముందు చోటులోనే ఉండమంది.

మరియమ్మ జనంలోంచి తప్పించుకుని వచ్చి అడిగింది. "అక్కా, నాకు దమ్ము అయిపోయిందని మీకెలా తెలిసిందండీ? మీరు వెనక్కి చూళ్లేదు కదా."

"నువ్వొచ్చినప్పటి నుంచి నీ పాట తప్ప నాకు ఇంకేం వినపడితే గదా."

"అంత బాగా పాడతానా?"

"అంత ఒళ్లు మండుతాది."

ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ పోటీతో నాకు తెలిసింది ఇది. వయసులో ఉన్నవాళ్ల బలం ఎంతో చూసిన ప్రతివాళ్లూ చెబుతారు. అది ఎక్కడ ఆగిపోతుందో చెప్పాలంటే వాళ్లను చూసి ఓర్వలేని పాతమనిషి ఒకరు జట్టులో ఉండాలి. ముష్రిఫా ఇదంతా ఆలోచించే నన్ను ముందు పెట్టిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

మరునాడు పొద్దున్నే, రోలర్లు వేడెక్కక ముందే ముష్రిఫా దగ్గరికి పోయి, మరియమ్మను నా సెక్షన్‌కు మార్చమని అడిగాను. మొదటి దుప్పటి రాగానే ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస నేను పట్టుకున్నాను.