ఊట దారికి అడ్డం పెట్టిన టేకు కొమ్మ

దయ్యాల కథలు మొదలైతే కండువా దులుపుకుని లేచిపోయే మనిషిని నేను. చూసింది, కొలిచింది, రాసిపెట్టింది తప్ప దేన్నీ నమ్మలేదు. ఇరవయ్యో ఏట మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ రాస్తున్నాను. ఇది కూడా అప్పటి డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను నిర్మల్‌లో గుమాస్తాను. ఊరి బయట అటవీ శాఖ వాళ్ల జంగ్లాత్ బంగళా, దాని చుట్టూ చిన్న పూలతోట ఉండేవి. అందరూ దాన్ని పార్కు అనేవారు. పార్కు వెనక నుంచి గుట్ట మీది ఊటకు కాలిబాట ఉంది. ఎక్కడానికి గంటన్నర, దిగడానికి గంట.

నా భార్య గంగామణిది ఉట్నూరు దిక్కు. అడవిలో పెరిగిన మనిషికి మా అద్దె గది ఇరుకు. ఆ ఊట దగ్గరికి ఒక్కసారి తీసుకుపొమ్మంది. అంతకు మించి నన్నేదీ అడిగిన గుర్తు లేదు.

నేను ప్లాను మొదలుపెట్టాను. బంగళా కావలివాడు కాసింను అడిగి దారి నక్షా గీశాను. బయలుదేరే వేళ, కూర్చునే చోట్లు, నీళ్లు, సర్వపిండి రొట్టెలు రెండు, అన్నీ రాశాను. ఒక ఆదివారం కచ్చేరీలో తనిఖీ వచ్చింది. ఇంకో ఆదివారం మబ్బు పట్టింది. మరో ఆదివారం నక్షాలో ఒక మలుపు తేలలేదని నేనే ఆపాను.

"గుట్టెక్కెతందుకు గూడ మిసిల్ తెరిచినవా?" అని నవ్వింది. ఫైలును అప్పుడు మిసిల్ అనేవాళ్లం. "దస్కతు ఎవలు పెట్టాలె? కలెక్టర్ సాబా?"

"దారి తప్పితే?" అన్నాను.

"నేనుండంగ ఎట్ల తప్పుతవ్?"

వాకిట్లోనే చూపించింది. వాళ్ల దిక్కు అడవిలో ముందు నడిచేవాళ్లు, పోకూడని దారికి పచ్చి కొమ్మ అడ్డం పెట్టి పైన రాయి ఉంచుతారు. వెనక వచ్చేవాళ్లు అది చూసి రెండో దారి పడతారు. గంగామణి ఒక కొమ్మ విరిచి తెచ్చి, దాని చివరి ఆకును మధ్యలో చీల్చి, దాని కొసను అందులోంచి దూర్చి ముడి వేసింది.

"గిది మా అవ్వ గుర్తు. నాకొక్కదానికే నేర్పింది. కొమ్మ అడ్డముంటె అటు పోవుడు లేదు. ఎందుకని అడుగుడు గూడ లేదు."

వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. పదకొండో రోజు గంగామణి పోయింది.

కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున ఆ ప్లాను ప్రకారమే బయలుదేరాను. సర్వపిండి రెండు కట్టుకున్నాను. ప్లానులో రెండు అని ఉంది.

"పైకి ఎవరన్న పోయిండ్రా?" అని కాసింను అడిగాను.

"ఎవలు పోలే సాబ్. రాత్రి జల్లు పడ్డది. గా బురదల ఒక్క అడుగన్న ఉన్నదా, మీరే చూడుండ్రి."

చూశాను. లేదు.

మొదటి చీలిక నల్ల బండ దగ్గర. నక్షాలో ఎడమకు అని ఉంది. ఆ ఎడమ దారికి అడ్డంగా పచ్చి టేకు కొమ్మ, మీద రాయి. చివరి లేతాకు చీల్చి, కొస దూర్చి ఉంది. పక్క ఆకు నలిపితే వేళ్లకు ఎరుపు అంటింది. అప్పుడే విరిచిన కొమ్మ. సమయం ఏడూ పది. ముడి ఉన్న ఆకును తెంపి డైరీలో పెట్టుకున్నాను.

కుడికి తిరిగాను. ఎడమది పాత రాళ్ల గుంతలోకి పోతుందని తర్వాత కాసిం చెప్పాడు. తప్పు నా నక్షాదే.

వాగు దాటాక రెండో చీలిక. అక్కడా కొమ్మ, అదే ముడి. ఇక నడవలేదు, పరుగెత్తాను. ఇంట్లో కూడా ఆమెను పేరు పెట్టి పిలవని వాణ్ణి, ఆ గుట్ట మీద గట్టిగా "గంగామణీ" అని పిలిచాను.

మూడో చోట చీలిక లేదు. ఊటకు పోయే దారి ఒక్కటే. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. ఆ దారికి అడ్డంగా కొమ్మ ఉంది.

నలభై నిమిషాలు నిలబడ్డానని డైరీలో ఉంది. ఒక్క అడుగు వేస్తే దాటేవాణ్ణి. వెయ్యలేదు. వంగి, కొమ్మకు అవతల ఆకు పరిచి, ఒక సర్వపిండి పెట్టి దిగివచ్చాను.

మర్నాడు కట్టెలకు పోయినవాళ్లు అదే దారిన ఊట దాకా వెళ్లి వచ్చారు. కొమ్మలేవీ చూడలేదన్నారు. దారి బాగానే ఉందన్నారు. బావమరిదికి ఉత్తరం రాశాను. వాళ్ల దిక్కు నుంచి ఎవరూ రాలేదని జవాబిచ్చాడు. ఆ ముడి తనకూ రాదని రాశాడు.

తర్వాత కరీంనగర్‌కు బదిలీ అయింది. ఆ ఊటను ఇప్పటిదాకా చూడలేదు. డైరీలోని ఆకు ఎండి అంచులు రాలిపోయాయి, ముడి మాత్రం విడలేదు. ఆ కొమ్మలు ఎవరు పెట్టారో నేను తేల్చలేకపోయాను. మొదటి రెండూ నాకు దారి చూపాయి. మూడోది ఎందుకు ఆపింది?

ఎందుకని అడుగుడు లేదని చెప్పింది. ఇన్నేళ్లుగా నేను ఆమెను అడుగుతున్నది అదొక్కటే.