కారం చేతులకు కీబోర్డు లేదు

సాజిదా జావా నేర్చుకుంది. ఎలా నేర్చుకుందో తెలిస్తే మీకు ఒళ్ళు మండుతుంది. మొదటిరోజు తప్ప కీబోర్డు ముట్టుకోకుండా నేర్చుకుంది.

గుంటూరు పొలిమేరలో మిర్చి కోల్డ్ స్టోరేజీ పక్కనున్న షెడ్డులో, తల్లి జమీలాతో కలిసి పొద్దుటి నుంచీ ఎండుమిరపకాయలకు తొడిమలు తీసేది. సాయంత్రం చేతులకు కొబ్బరినూనె పట్టించి, సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, జావా అనే కంప్యూటర్ భాష నేర్పే కోచింగ్ సెంటరుకు పరిగెత్తేది. ఎంత కడిగినా మిరప ఘాటు వేళ్ళను వదులుతుందా? వదల్లేదు.

మొదటిరోజే గొడవైంది. ఆమె కాసేపు చేతులు పెట్టి లేచిన కీబోర్డు ముందు తోటి విద్యార్థి సాయికౌశిక్ కూర్చున్నాడు, కళ్ళు నులుముకున్నాడు. అంతే! లబోదిబోమంటూ కుళాయి దగ్గరికి ఉరికాడు. సెంటరు నడిపే త్యాగరాజు సారు అందరి ముందూ సాజిదా చేతులు చాపించాడు.

"ఇదేమైనా కారం మిల్లా అమ్మాయ్? ఇక నుంచి ఏ కీబోర్డూ ముట్టుకోవద్దు. వెనక బెంచీలో కూర్చుని చూడు, చాలు."

"గ్లవ్స్ వేసుకుంటాను సార్."

"నీ చేతులతో తొడుక్కుంటే ఆ గ్లవ్స్‌కూ కారమేగా!"

క్లాసంతా నవ్వింది. ఫీజు నోట్లు మాత్రం అవే చేతుల్లోంచి తీసుకున్నాడు, మహానుభావుడు.

వెనక బెంచీ నుంచి తెరలు కనిపించేవి, వేళ్ళు కనిపించేవి కావు. అయినా సాజిదా ఊరుకునే రకం కాదు. జిరాక్సు మెటీరియల్ కొనుక్కుంది, తెలుగులో జావా చెప్పే వీడియోలు చూసింది, ప్రోగ్రాములు రాసే యాప్ ఫోన్‌లో వేసుకుంది. భోజనాల వేళ మిరపకాయల గుట్ట పక్కనే కూర్చుని, రెండు బొటనవేళ్ళతో టకటకా కొట్టేది. తప్పొస్తే దిద్దేది, మళ్ళీ నడిపేది. మొదటిసారి సొంత ప్రోగ్రాము తప్పుల్లేకుండా నడిచి, తెరమీద తన పేరు పడ్డప్పుడు ఆనందం పట్టలేక తల్లికి చూపించింది.

"నీ పేరు రాసినందుకు జీతమిస్తారటే?"

"ఇస్తారమ్మా. జావా ఉద్యోగమొస్తే మనిద్దరం మళ్ళీ ఈ షెడ్డు గడప తొక్కక్కర్లేదు."

జమీలా మురిసిపోయి కూతురి చెంప నిమరబోయింది. తన చేతులు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

అందరూ ఎదురుచూసిన, ఉద్యోగాలిచ్చే కంపెనీవాళ్ళు సెంటరుకే వచ్చారు. ముందు నోటితో అడిగారు. సాజిదా గడగడా చెప్పింది, వాళ్ళు తలలూపారు. తర్వాత కంప్యూటర్ మీద పరీక్ష. దానికోసమే ఆమె కొన్నాళ్ళ ముందు నుంచీ షెడ్డు మానేసింది. చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఏం లాభం? సారు నిషేధం ఎత్తెయ్యలేదు. వాటికి కీబోర్డంటే ఏమిటో తెలీదు.

జవాబు బుర్రలో ఉంది, బొటనవేళ్ళు గాల్లో ఉన్నాయి. ఫోన్‌లో గుర్తులకు వేరే పేజీ ఉంటుంది, ఇక్కడ ఆ పేజీ ఏదీ? ఫ్లవర్ బ్రాకెట్టు బొమ్మ ఉన్న మీట నొక్కితే, దాని మీదే ఉన్న చదరపు బ్రాకెట్టు పడుతోంది. చెరిపింది, నొక్కింది, మళ్ళీ అదే. ఫ్లవర్ బ్రాకెట్టు లేకపోతే జావాలో ఒక్క ప్రోగ్రామూ మొదలవదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కనున్న సాయికౌశిక్ వైపు వంగింది.

"ఈ బ్రాకెట్టు ఎలా కొట్టాలో చెప్పవా, ప్లీజ్!"

వాడు ఆమెనూ తెరనూ చూశాడు. చెయ్యెత్తాడు.

"సార్, ఈ అమ్మాయి కాపీ కొడుతోంది!"

త్యాగరాజు సారు వచ్చి ఆమెను లేపేశాడు. ఆమె చెప్పేది ఎవడు విన్నాడు?

సాయికౌశిక్‌కు ఉద్యోగమొచ్చింది. స్వీట్లు పంచుతూ ఆమెక్కూడా ఒకటి పెట్టాడు, సిగ్గులేనివాడు. బ్యాగు సర్దుకుంటున్న సాజిదాను సారు పిలిచాడు.

"బాధపడకమ్మాయ్. మన ల్యాబు తుడిచే మనిషి మానేసింది. నువ్వొస్తావా? ఇప్పుడు నీ చేతులు బాగానే ఉన్నాయిగా!"

మళ్ళీ ఆ మిరపకాయల్లోకి పోలేక ఒప్పుకుంది.

కొత్త బ్యాచి మొదలైంది. ఆపేసి ఉన్న కంప్యూటర్ల కీబోర్డులన్నీ సాజిదా తడిబట్టతో ఒక్కొక్కటే తుడుస్తోంది. పక్క వరసలో సారు ఒక కొత్తమ్మాయి మీదికి వంగి, ఆమె వేలు పట్టుకుని మరీ చూపిస్తున్నాడు.

"ఫ్లవర్ బ్రాకెట్టు కావాలంటే ఈ షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని బ్రాకెట్టు కొట్టాలమ్మా. అంతే, చిన్న పని!"

సాజిదా చేతిలో బట్ట ఆగిపోయింది.

"ఏంటి నిలబడిపోయావ్?" అన్నాడు సారు. "త్వరగా తుడువు, పిల్లలు కూర్చోవాలి."