మూడో ఆకు వెయ్యని కొత్తిమీర

ఏడాది పొడుగునా మిరియాల, ధనియాల దుమ్ములో బతికే ముక్కు నాది. హైదరాబాద్‌లో ఒక మసాలా పొడుల కంపెనీలో, దినుసులను గామా కిరణాల శుద్ధికి పంపించడం, తిరిగి వచ్చాక బస్తాల మీద గుర్తు ఉందో లేదో చూడడం నా పని. 2007 డిసెంబరులో రెండు రోజులు సెలవు దొరికితే, కాస్త నీటిగాలి పీల్చి కొల్లేటి కొంగలను చూసి వద్దామని రాత్రి రైలెక్కాను. ధనియాల మొహం చూడకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

తెల్లవారుజామున ఏలూరులో దిగి, వేడి పెసరట్టు తిని, బస్సులో గుండుగొలను చేరేసరికి ఏడున్నర. అక్కడి నుంచి కొల్లేటి అంచుకు వెళ్ళి రావడానికి ఆటోకు రెండు వందలు. గట్టు మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే, ముందు చక్రం కూడా సరిగా కనబడడం లేదు. "తొమ్మిది దాటితే గానీ పిట్టలు కనబడవండీ. ఈలోగా మా పిన్ని ఇంట్లో టీ తాగుదురు గాని రండి" అన్నాడు డ్రైవరు ఏసుపాదం. సరేనన్నాను.

పిన్ని పేరు మార్తమ్మ. టీ గ్లాసు చేతికిచ్చి, "ఏవండీ, మీరు చదువుకున్నవారు. ఒక్కసారి ఇటొచ్చి చూడండి" అంటూ ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అరెకరం మడి. నిండా కొత్తిమీర మొలకలు. ప్రతి మొలకకూ రెండే ఆకులు, అన్నీ ఒకే ఎత్తు. వారం కిందట మొలిచాయేమో అనుకున్నాను.

"మొలిచి నెల దాటిందండి. ఆ రోజు ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి. వాడవు, ఎదగవు. పొద్దున్నే నీళ్ళు పొయ్యడానికి రావాలంటే భయమేస్తందండి. అన్నీ నన్నే చూస్తన్నట్టుంటాయి."

ఆమె భర్త దేవదానం మడిలోకి దిగకుండా గట్టు మీదే నిలబడ్డాడు. "చేపల చెరువు గట్లు కొట్టేసి చదును చేసిన నేలండి ఇది. ఎన్ని మందులు మింగిందో! ఊళ్ళో ఎవరూ ఇటు తొక్కట్లేదు. సాయంత్రం కౌలు వదిలేసి కూలికి పోతాం" అన్నాడు. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంది.

విత్తనాలు ఎక్కడివని అడిగాను.

"గూడెం మార్కెట్లోవండి. చవగ్గా ఇచ్చాడు కొట్టాయన. ఏడాదైనా పురుగు పట్టదన్నాడండి."

పురుగు పట్టని ధనియాలు తయారు చేయించేది మాలాంటి వాళ్ళమే. ఒకసారి ఆఫీసులో తమాషాకి శుద్ధి చేసిన ధనియాలు కుండీలో చల్లితే, ఇలాగే రెండాకుల దగ్గర ఆగిపోయాయి. అదే వాళ్ళకు చెప్పాను. కిరణాలు పురుగు గుడ్లను, సూక్ష్మక్రిములను చంపుతాయి. గింజలో ఎదిగే శక్తి కూడా వాటితోపాటే పోతుంది; లోపల ముందే ఉన్న రెండాకులు విచ్చుకుంటాయి గాని మూడోది పుట్టదు. అది తినే సరుకు, విత్తే సరుకు కాదు. కిరణాలు తగిలిన సరుకని తెలియడానికే బస్తా మీద ఆకుపచ్చ గుర్తు ఉండి తీరాలని రూలు పెట్టారు. ఎవరో ఆ బస్తా విప్పి మామూలు గోనెలో పోసి అమ్మేసి ఉంటారు.

"తినొచ్చంటారు, అయితే?" అన్నాడు దేవదానం.

"తినొచ్చండి. ఏమీ కాదు."

ఆయన గట్టు మీంచే వంగి, అంచున ఉన్న గుప్పెడు మొలకలు పీకి, పక్కనున్న బిందెలో కడిగి నా చేతిలో పెట్టాడు. "మీరు తినండి చూద్దాం."

ఎన్ని బస్తాలకు సరేనని సంతకం పెట్టానో నాకే తెలియదు. అయినా నా చెయ్యి నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. నెల్లాళ్ళుగా చావకుండా, బతకకుండా నిలబడిన ఆకులవి. సిగ్గేసింది. కళ్ళు మూసుకుని నమిలాను. కొత్తిమీర రుచే, లేత ఘాటుతో సహా.

ఏసుపాదంతో సహా ముగ్గురూ నన్నే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి మార్తమ్మ రెండు మొలకలు తుంచి నోట్లో వేసుకుంది. ఆ తర్వాత దేవదానం మొదటిసారి గట్టు దిగాడు. తనూ ఒకటి నమిలి, "కొత్తిమీరేనే" అన్నాడు మెల్లగా. "డబ్బాలో మన పెరట్లో కాసిన ధనియాలున్నాయా?"

"ఉన్నాయి."

"తే, మడి తిరగేస్తాను."

పిట్టలు కనబడే వేళకు ఎండ వచ్చింది. గూడబాతులను చూశాను, బాగున్నాయి. మనసు మాత్రం ఆ మడిలోనే ఉండిపోయింది. మేం తినేవాడి కడుపు గురించి ఇంత ఆలోచిస్తాం. మా రూలేమో బస్తా మూతి దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత గింజ ఎవరి చేతిలో పడుతుందో, ఎవరు ఏ నేలను శపించుకుంటారో మాకు తెలియదు. మీరెవరైనా విత్తడానికి కొట్లో ధనియాలు కొంటే ఒక్క పని చెయ్యండి. ముందు చిటికెడు కుండీలో చల్లండి. మొలకలు వచ్చాయని సంబరపడకండి, మూడో ఆకు వచ్చేదాకా ఆగండి.